పట్టూ విడుపూ

నలభై ఆరో ఏట తెల్ల బెల్టు కట్టుకున్నాను.
తాళాలు బాగుచేసే వేళ్ళు కదా,
ఉడుంపట్టు పడతానులే అనుకున్నాను.
మొదటి రోజే ఇవొనెచి, రొట్టెల బట్టీలో పనిచేసే పిల్ల,
నా బరువులో సగం కూడా ఉండదు,
పిండిముద్దను మడిచినట్టు మడిచి
నన్ను నా మీదే కూర్చోబెట్టింది.

పెలోటస్‌లో టైర్ల కొట్టు మీది మేడ మా తాలింఖానా.
కింద రబ్బరు వాసన, పైన మాది.
జుజుత్సు అంటే ఏమిటని అడిగితే
జురందీర్ మాస్టారు ఒక్కటే చెప్పాడు:
రెండుసార్లు తడితే వదిలెయ్యాలి.
చేత్తో తట్టినా, కాలితో తట్టినా,
గొంతు పెగలక మూలిగినా సరే.
మిగతాది నిదానంగా వస్తుంది,
రాకపోయినా కొంప మునగదు.

మార్చిలో షట్టరు దించేశారు.
దాని తాళం నేను బిగించిందే,
తీయడం చిటికెలో పని.
కాసేపు దాని ఎదుట నిలబడి
జేబుల్లో చేతులు పెట్టుకుని తిరిగొచ్చాను.
ఒకే సొరబుర్ర, ఒకే గొట్టం
చేతులు మారుతూ మాటే కషాయం తాగే ఊరు మాది.
ఇప్పుడు ఎవరి బుర్ర వాళ్ళ చంకలో.

ఇంట్లో పాత ప్యాంట్లలో చిరుగు దుప్పట్లు కుక్కి
ఒక మనిషిని చేశాను.
మా బావమరిది పేరే పెట్టాను, అదెమీర్.
మెడ చుట్టూ చెయ్యి వేసి బిగిస్తాను, బిగిస్తూనే ఉంటాను.
వాడు తట్టడు.
ఎక్కడ ఆపాలో
నాకెలా తెలియాలి?

కెటిల్‌కి ఆనించిన ఫోన్లో మాస్టారు అరచేతంత.
నడుము ఇలా తిప్పు, కాలు ఇలా లేపు, అంటుండగానే
బొమ్మ ఆగిపోయేది, కాలు గాల్లో ఉండగా.
ఆ కాలు ఎటు దిగిందో
నాకు ఇప్పటికీ తెలియదు.

అదెమీర్‌ని ఎత్తి పడేసినప్పుడల్లా
కింది వాటా దోనా ఎర్సీలియా
చీపురుకర్రతో తన పైకప్పు పొడిచేది. ఠక్, ఠక్.
ఎనభై మూడేళ్ళు, చెవుడు అంటారు,
నాకు మాత్రం నమ్మకం లేదు.
అలవాటు కొద్దీ వదిలేసేవాణ్ణి.
ఆ చలికాలమంతా
నన్ను ఆపిన మనిషి ఆవిడొక్కతే.

జూలైలో నాకు జ్వరం.
పొగమంచు కిటికీ దాకా వచ్చి నిలబడింది.
మంచం దాకా పోలేక వంటింటి గచ్చు మీదే పడుకున్నాను.
పక్కన అదెమీర్, వాడికేం, నిక్షేపంలా ఉన్నాడు.
ఎన్ని రోజులో లెక్క తప్పింది.
ఛాతీ మీద ఎవరో కూర్చున్నారు,
ఏ పట్టో అర్థం కాలేదు, నడుము తిప్పినా జరగలేదు.
తట్టాను కూడా, ఎవరి భుజమూ దొరక్క గాలినే.
వదల్లేదు.

అప్పుడు కిందనుంచి, ఠక్, ఠక్.
నేనేమీ పడేయలేదే.
మళ్ళీ ఠక్, ఠక్.
అరచెయ్యి ఈడ్చుకుని గచ్చు మీద
రెండుసార్లు తట్టాను.
కాసేపు నిశ్శబ్దం.
తర్వాత మెట్ల మీద చెప్పుల చప్పుడు,
గుమ్మం ముందు గిన్నె దించిన చప్పుడు, తిట్లు,
ఆ తిట్లు మెట్లు దిగిపోతున్న చప్పుడు.

పదిహేడు నెలలకు షట్టరు లేచింది.
చాప మీద టేపుతో గళ్ళు, మూతులకు గుడ్డలు.
మాస్టారికి వాసన పోయింది, ఇంకా తిరిగి రాలేదు.
"ఇప్పుడు మీరందరూ నాకు గులాబీలే" అంటాడు.
వాల్దెసీర్ బెల్టు మేకుకే వేలాడుతోంది.
దాని గురించి ఎవరూ అడగలేదు.
బూజు దులిపేటప్పుడు కూడా
ఆ ఒక్క మేకునూ వదిలేస్తున్నారు.

ఇవొనెచి నా కాలరు పట్టుకుంది.
వేళ్ళ సందుల్లో ఇంకా పిండి.
లాగింది, పడ్డాను, ఎక్కింది, బిగించింది.
ఒక మనిషి బరువు.
నిజం మనిషి, ఆవలింత ఆపుకుంటున్న మనిషి,
తెల్లవారుజామున మూడింటికి లేచే మనిషి.
చెవుల్లో రక్తం హోరు.
తట్టాలి, తెలుసు.
ఇంకొక్క క్షణం అనుకున్నాను.
ఇంకొక్కటి.

తనే వదిలేసి, మాస్కు సర్దుకుని అరిచింది:
"చచ్చేవాడివి! చేతికేమైంది?"
చెయ్యి బాగానే ఉంది.
చాప మీద చాచి చూసుకున్నాను.